మన పట్టణములు: ఆదవాని, ఎమ్మిగనూరు

పట్టణములను గూర్చి వ్రాయువారు తరచుగా కోటలతో మొదలుపెట్టి, రాజులను లెక్కించి, దేవాలయములను వర్ణించి ముగింతురు. అవి తెలిసికొనదగినవే. కాని ఆ పట్టణమున కాపురముండు గృహిణిని "అమ్మా, మీ యూరెట్టిది?" అని యడిగినచో ఆమె మొదట చెప్పునది కోటను గూర్చి కాదు. కుళాయిలో నీరెన్నాళ్ల కొకసారి వచ్చునో, అంగడి యెంత దూరమున నున్నదో, ఆడుబిడ్డ ఒంటరిగా బడికి పోయి రాగలదో లేదో, ఇంటనుండి చేసికొన దగిన పని యేమైన దొరకునో ఆమె చెప్పును. ఆ నాలుగు మాటలలో ఊరి మంచి చెడ్డలు సమస్తమును ఇమిడియుండును.

సోదరీమణులారా! ఈ మాసమున మీకు కర్నూలు జిల్లా పడమటి భాగమున నున్న ఆదవాని, ఎమ్మిగనూరు అను రెండు పట్టణములను పరిచయము చేయదలచితిమి. రెండింటిని కలిపి వ్రాయుటకు కారణము కలదు. ఆ రెంటి నడుమ దూరము ఇంచుమించు ముప్పది కిలోమీటర్లు. ఒకటి పత్తిని అమ్ము ఊరు; రెండవది నూలును బట్టగా నేయు ఊరు. రెండింటికిని నేల యొక్కటే, కరవొక్కటే, కాలువయు నొక్కటే. అక్కచెల్లెండ్రవంటి యీ రెండూళ్లలో ఒకదానిని విడిచి రెండవదానిని చెప్పుట పొసగదు.

ఈ ప్రాంతము రేగడి నేల. వాన పడినప్పుడు కాలు దిగబడును. ఎండ కాసినప్పుడు నేల నెరెలు విచ్చును. పత్తి, వేరుసెనగ, జొన్న, కొర్ర, ఆముదము ఇచ్చటి పంటలు. కన్నడ దేశపు ఎల్ల దగ్గరగా నుండుటచే ఒక వీధిలో తెలుగు, పక్క వీధిలో కన్నడము, ఆ పై వీధిలో ఉర్దూ వినవచ్చును. అంగడికి పోవు స్త్రీలలో పలువురకు మూడు భాషలలోను బేరమాడు నేర్పు కలదు. వంటింటికి భాషాభేదము లేదు. జొన్నరొట్టె, దానికి తోడుగా వేరుసెనగ గింజల పొడి, పండుగనాడు ఓళిగలు అందరి యిండ్లలో నుండును. ప్రొద్దుటి ఫలాహారమునకు ఉగ్గాని ప్రసిద్ధము. బొరుగులను నీట నానబెట్టి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు వేసిన పోపులో కలిపి, పైన వేపుడుసెనగల పొడి చల్లుదురు. దానితో మిరపకాయ బజ్జి లేకున్న ఆ ఊరివారికి తిన్నట్లే యుండదు. బియ్యము సులభముగా దొరకని కాలమున ఆ సీమ స్త్రీలు ఉన్నదానితోనే యింటిల్లిపాదికి కడుపు నింపుటకు నేర్చిన విద్య యిది.

ఇక ఆదవాని సంగతి. ఊరికి ఆనుకొని ఐదు రాతి కొండలు కలవు. వానిలో బారాకిల్లా, తాళిబండ అనునవి ఎత్తైనవి. ఆ కొండలను చుట్టి కోట గోడలుండెడివి. బారాకిల్లా కొండకు నడుమ ఒక కోనేరు కలదు. అది ఎన్నడును ఎండదని ప్రతీతి. విజయనగర ప్రభువుల కాలమున నీ కోట మిక్కిలి దుర్భేద్యమని పేరుపొందినది. 1565లో విజయనగరము కూలిన పిదప 1568లో బిజాపురపు సుల్తానుల వశమైనది. పదునేడవ శతాబ్దమున వారి తరపున ఈ కోటను పాలించిన సిద్ది మసూదుఖాను ఊరిలో జుమ్మా మసీదును కట్టించెను. అది నేటికిని నిలిచి యున్నది.

ఆ మసీదును గూర్చి యొక జనశ్రుతి కలదు. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజుజంగు కోటను ముట్టడించెనట. కోట లొంగలేదు. మసూదుఖానునకు ఆ మసీదనిన ప్రాణమని తెలిసికొని, సేనాని తన ఫిరంగులను దానివైపు త్రిప్పించెనట. మసీదుకు హాని కలుగుట చూడలేక మసూదుఖాను కోటను అప్పగించెనని చెప్పుదురు. కథ యెంతవరకు నిజమో గాని, కోట మొగలాయీల వశమగుట మాత్రము చరిత్ర. వారు దానికి ఇమ్తియాజుగఢ్ అని క్రొత్త పేరు పెట్టిరి. ఆ పేరు నాణెముల పైననే మిగిలినది; జనుల నోట ఆదవానియే నిలిచినది.

మన స్త్రీలు తెలిసికొనదగిన మరియొక ఘట్టము 1786లో జరిగినది. అప్పుడు ఈ సీమ నిజాము తమ్ముడగు బసాలతుజంగు వంశీయుల జాగీరు. బసాలతుజంగు 1782లో మరణించెను. అతని కుమారుడు మహబతుజంగు నిజామునకు అల్లుడు కూడను. మైసూరు ప్రభువు టిప్పు సుల్తాను కోటను ముట్టడించునాటికి నిజాము కూతురును, తక్కిన అంతఃపుర స్త్రీలును కోటలో చిక్కుకొని యుండిరి. వారిని విడిపించుటకై నిజాము సేన పరుగున వచ్చినది. వానకాలము వచ్చుచున్నది, తుంగభద్ర పొంగెనా దాటుటకు వీలుండదు. సేనలు ఆ స్త్రీలను ఏటి కావలకు చేర్చినవి గాని, కోటను నిలుపుకొనలేకపోయినవి. టిప్పు కోటను పట్టి దాని బురుజులను పడగొట్టించెను. చరిత్ర పుస్తకములలో ఇది సుల్తానుల యుద్ధముగా కనబడును. బిడ్డలను చంకనెత్తుకొని, నది పొంగకమునుపే దాటవలెనని రాత్రింబవళ్లు పయనించిన ఆ స్త్రీల దృష్టితో చదివినచో అదియే వేరొక కథ యగును.

తరువాత సీమ మరల నిజామునకు చేరి, 1800లో ఇంగ్లీషు కంపెనీకి దత్తమైనది. ఆ కాలమునుండి 1953వరకు ఆదవాని బళ్లారి జిల్లాలోని తాలూకా. 1865లో ఇచ్చట పురపాలక సంఘమేర్పడినది. తెలుగు సీమలోని మిక్కిలి పాత పురపాలకములలో ఇది యొకటి. 1871లో చెన్నపట్టణపు రైలుమార్గము రాయచూరు వద్ద బొంబాయి మార్గముతో కలిసినది. ఆ దారిలో నుండుటచే ఆదవాని పత్తికి రెండు పెద్ద రేవుల బాటయు తెరచుకొన్నది. అటుపై అయిదేండ్లకే 1876-78 నాటి ఘోరక్షామము వచ్చి ఈ సీమను ఊచముట్టుగా తుడిచిపెట్టినది. అయినను ఊరు మరల లేచి నిలిచినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించునప్పుడు ఆదవాని, ఆలూరు తాలూకాలు బళ్లారినుండి విడివడి కర్నూలు జిల్లాలో చేరినవి.

నేటి ఆదవాని పత్తి సంతకు పేరుపొందినది. పంటకాలమున నలుదిక్కులనుండి బండ్లలో పత్తి మార్కెట్టు యార్డునకు చేరును. అచ్చట వేలము జరుగును. పిమ్మట జిన్నింగు మిల్లులలో గింజను వేరుచేసి, దూదిని అదిమి బేళ్లు కట్టి దూరప్రాంతముల మిల్లులకు పంపుదురు. గింజనుండి నూనె తీయుదురు. పిండి పశువులకు మేత యగును. ఈ పనులలో మొదటిది స్త్రీల చేతిది. చేనిలో పత్తికాయ విచ్చినప్పుడు దానిని తీయువారు స్త్రీలే. తెల్లని దూదికి ఆకుపొల్లు అంటకుండ, కాయ మొనలు వ్రేళ్లకు గ్రుచ్చుకొన్నను ఓర్చుకొని తీయవలెను. మార్కెట్టులో పత్తి ధర పలుకునప్పుడు ఆ వ్రేళ్ల లెక్క యెవ్వరును వేయరు.

ఊరిలో చూడదగినవి మరికొన్ని కలవు. రణమండల కొండపై ఆంజనేయస్వామి కోవెల కలదు. మహాయోగి లక్ష్మమ్మ అవ్వ గుడి కలదు. ఆమె సామాన్య కుటుంబమున పుట్టి అవధూతయై ఈ యూర నివసించిన స్త్రీ. జీవించిన నాళ్లలో పలువురు ఆమెను పిచ్చిదానివలె చూచిరట. నేడు ఊరంతయు ఆమె జాతరను చేయుచున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆదవాని జనసంఖ్య 1 లక్షా 66 వేలకు పైబడినది. అప్పటికి ఎమ్మిగనూరిది 95 వేలు.

ఇప్పుడు ఎమ్మిగనూరునకు పోవుదము. ఈ యూరి పేరు చెప్పగనే తువ్వాళ్లు, దుప్పట్లు స్ఫురించును. ఇచ్చట నేతగాండ్రు తరతరములుగా నున్నారు. కాని నేత నేర్చినంత మాత్రమున కడుపు నిండునా? పూర్వము నేతగానికి నూలు షావుకారు అప్పుగా నిచ్చెడివాడు. నేసిన బట్టను ఆ షావుకారే తాను చెప్పిన ధరకు తీసికొనెడివాడు. నూలు ధరయు అతని నోటనే, బట్ట ధరయు అతని నోటనే. నడుమ నలుగునది నేతగాని యిల్లు. ఈ బాధను తొలగించుటకు మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరు నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. నేతగాండ్రే సభ్యులు. సంఘము నూలును మొత్తముగా కొని సభ్యులకు పంచును. వారు నేసిన బట్టకు కూలి చెల్లించి, బట్టను తానే అమ్మును. లాభము మిగిలినచో అది సభ్యులదే. వినుటకు మిక్కిలి చిన్న యుపాయము. కాని నూలును బట్టయు ఒకే చేతిలో నుండు కట్టు తెగిపోవుటకు ఇదియే చాలినది. ఎమ్మిగనూరు సంఘము దేశమందంతట పేరుపొందినది. దాని బట్టలు విదేశములకును పోయినవి. పద్మశ్రీ బిరుదము నెలకొల్పిన 1954లోనే సోమప్పగారికి అది లభించినది. వారు 1978లో కీర్తిశేషులైరి.

సంఘము బట్టతో నాగక, నేతగాండ్ర నివాసమును గూర్చియు ఆలోచించినది. ఊరిలో ప్రత్యేకముగా నేతగాండ్ర కాలనీ వెలసినది. మేము ఈ వ్యాసమును వ్రాయుటకు ముఖ్యకారణము ఆ కాలనీయే. ఏలయన, తక్కినవారి యిల్లు నివసించుటకు. నేతగాని యిల్లు నివసించుటకును, పని చేయుటకును గూడ. గుంట మగ్గమునకు నేలలో గుంట త్రవ్వవలెను. నేతగాడు ఆ గుంటలో కాళ్లు దింపి కూర్చుండి తొక్కుడు చెక్కలను తొక్కుచు, చేతితో నాడెను ఆడించును. ఇంట సగము మగ్గమే యాక్రమించును. అద్దె యింటివారు గుంట త్రవ్వనిత్తురా? త్రవ్వనిచ్చినను ఎప్పుడు పొమ్మందురో తెలియదు. వాన కురిసి గుంటలోనికి నీరు వచ్చినచో పడుగంతయు చెడును, వారము కూలి పోవును. కావున నేతగానికి సొంత యిల్లు విలాసము కాదు. అది పనిముట్టులలో నొకటి.

వీధియు అట్టిదే. పడుగునకు గంజి పెట్టునప్పుడు దారములను బారుగా సాచి, కుంచెతో దువ్వి, ఎండ ముదురక మునుపే ఆరబెట్టవలెను. దానికి తిన్నని, పొడవైన, దుమ్ములేని వీధి కావలెను. నీడ నిచ్చు చెట్లుండిన మరియు మేలు. బండ్లు అడ్డుదిడ్డముగా పోవు ఇరుకు సందులో నేతగాని కుటుంబమును పెట్టుట, వంట చేయుదానిని పొయ్యి లేని గదిలో పెట్టుటవంటిది. ఇండ్లు కట్టువారు గదులను లెక్కించి ఊరకుందురు. ఆ గదులలో ఎవరు ఏ పని చేయుదురో విచారించి కట్టినప్పుడే అది నివాసయోగ్యమగును.

మగ్గముపై కూర్చుండువానిని లోకము నేతగాడనును. కాని అతడు కూర్చుండుటకు ముందు జరుగవలసిన పనులెన్ని! నూలు చిలపలను రాట్నమున కెక్కించి కండెలు చుట్టువారెవరు? ఆసు పోయువారెవరు? పాత పడుగు కొనలకు క్రొత్త పడుగు దారములను ఒక్కొక్కటిగా పట్టి అచ్చు అతుకువారెవరు? బియ్యము కడిగిన చేతితోనే గంజి కాచి పడుగునకు పట్టించుటలో సాయపడువారెవరు? ఇంటి స్త్రీలే. వంటకును కండెలకును నడుమ ఆమె దినము గడచును. బిడ్డను ఒక కాలితో ఊయలలో ఊచుచు, చేతితో రాట్నము త్రిప్పు తల్లులు నేతగాండ్ర వీధులలో కొల్లలు. 2019-20లో భారత ప్రభుత్వము జరిపిన నాలుగవ చేనేత లెక్కల ప్రకారము దేశమున చేనేతపని, దాని యనుబంధపు పనులు చేయువారు 35 లక్షలకు పైబడిరి. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. అయినను కూలి లెక్కలో బట్టకు వెల కట్టుదురు గాని కండెకు వేరుగా కట్టరు. ఇంటిపెద్ద చేతికి వచ్చిన సొమ్ములో ఆమె పాలు ఎంతయో ఆమెకే తెలియదు. సహకార సంఘములలో మగ్గము పేర సభ్యత్వము సాధారణముగా పురుషునిదే. కండెలు చుట్టు చేతికిని సభ్యత్వముండవలెనని అడుగుట న్యాయమని మా యభిప్రాయము.

పిమ్మట మరమగ్గములు పెరిగినవి. ఒక దినమున చేతిమగ్గము నేయునంత బట్టను అవి కొద్ది గంటలలో నేయును, ధర తగ్గును. చేనేతకు రక్షణగా 1985లో కేంద్రప్రభుత్వము చట్టమొకటి చేసి, కొన్ని తరగతుల బట్టలను చేతిమగ్గముపైననే నేయవలెనని నిర్ణయించినది. మొదట 22 తరగతులుండగా ఇప్పుడు 11 మిగిలినవి; చీర, ధోవతి, తువ్వాలు, లుంగి, దుప్పటి వానిలో కలవు. కాని చట్టము కాగితముపై నున్నంత గట్టిగా అంగడిలో నుండదు. మరమగ్గపు బట్టపై చేనేత అని పేరు వ్రాసి అమ్మువారు కలరు. ఎమ్మిగనూరులోను ఒకప్పుడు మోగిన మగ్గములలో ఎన్నియో మూగవోయినవి. నేత తెలిసినవారు హోటళ్లలోను, కూలిపనులలోను కుదురుకొనిరి.

ఇందు కొనువారమైన మనకును బాధ్యత కలదు. చేనేత బట్టను గుర్తించుటకు 2006లో ప్రభుత్వము చేనేత గుర్తు నేర్పాటుచేసినది. కొనునప్పుడు ఆ చీటి కలదేమో చూడుడు. అంచులను పరికింపుడు. చేతిమగ్గపు బట్టలో పేక దారములు అక్కడక్కడ కొంచెము ఎచ్చుతగ్గులుగా నుండును. అది దోషము కాదు, చేతి యానవాలు. రంగు దుప్పటిని మొదటిసారి చన్నీట కొంచెము ఉప్పు వేసి, తక్కిన బట్టలతో కలపక విడిగా జాడింపుడు. నీడలో ఆరవేయుడు. అట్లు కాపాడిన మంచి నూలు దుప్పటి చాలకాలము వచ్చును. ఒక్క యింటివారు ఏటికొక దుప్పటి కొన్నను పదివేల యిండ్లకు పదివేల దుప్పట్లగును. ఒక వీధి మగ్గములకు పని దొరకుటకు అంతకన్న ఘనమైన యుపాయము వెదకనక్కరలేదు.

ఎమ్మిగనూరు గ్రామదైవము నీలకంఠేశ్వరస్వామి. పుష్యమాసమున రథోత్సవము జరుగును. ఆ జాతర పశువుల సంతకును ప్రసిద్ధము. చుట్టుపట్ల రైతులు ఎద్దులను అలంకరించి తోలుకొని వత్తురు. స్త్రీలకు గాజుల అంగళ్లు, పాత్రల అంగళ్లు, పుట్టింటివారిని కలిసికొను వేడుక. ఊరికి ఉత్తరమున, దాపుననే తుంగభద్ర యొడ్డున రాఘవేంద్రస్వామి బృందావనముండు మంత్రాలయము కలదు. యాత్రకు పోవు సోదరీమణులు ఒక పూట ఎమ్మిగనూరున దిగి మగ్గముల వీధిని చూచినచో, యాత్రాఫలమునకు తోడు కన్నులకు జ్ఞానమును లభించును.

ఇక అన్నిటికన్న ముఖ్యమైనది నీరు. ఈ రెండు పట్టణములకును నీరు తుంగభద్ర దిగువ కాలువనుండి వచ్చును. హోస్పేట వద్ద ఆనకట్ట పని 1945లో మొదలై, 1953నాటికి కాలువలకు నీరందినది. దిగువ కాలువ మొదట కర్నాటక సీమలో పారి, పిమ్మట మన సీమకు వచ్చును. కావున మనది కాలువ చివరి భాగము. పంక్తి చివర కూర్చున్నవానికి వడ్డన యెట్లుండునో గృహిణులకు చెప్పనక్కరలేదు. కాలువలో ఏడాది పొడవున నీరుండదు. నీరున్న దినములలో పెద్ద చెరువులు నింపుకొని, వేసవిలో వాడుకొనవలెను. ఆదవానికి బసాపురము చెరువు, ఎమ్మిగనూరునకు గూడెకల్లు చెరువు అట్టివి. ఇంట మనము బిందెలు నింపి మూతపెట్టి యుంచుకొనునట్లే పట్టణములును చేయుచున్నవి. ఆ చెరువు తగ్గినచో కుళాయి వచ్చు దినముల నడుమ ఎడము పెరుగును. అప్పుడు ట్యాంకరు వద్ద బిందెలతో నిలుచుండువారెవరో వేరుగా చెప్పవలెనా?

2024 ఆగస్టులో ఆ ఆనకట్ట 19వ తలుపు గొలుసు తెగి, తలుపు కొట్టుకొనిపోయినది. నిండియున్న జలాశయమునుండి నీరు ఆపరాక వృథాగా పోయినది. వారము దినములలో ఇంజనీర్లు, పనివారు ప్రాణములకు తెగించి పారు నీటిలోననే తాత్కాలికపు తలుపును దింపి నిలిపిరి. ఆ వార్త విన్నప్పుడు రైతులు పంటను గూర్చి దుఃఖించిరి. పట్టణపు స్త్రీలు వేసవిని తలచుకొని భయపడిరి. ఎక్కడనో కొండల నడుమ నున్న యొక ఇనుప గొలుసునకును, మన వంటింటి బిందెకును ఇంత సంబంధము కలదు. డెబ్బది యేండ్ల నాటి గొలుసును ఎప్పటికప్పుడు పరీక్షించుట ఇంజనీర్ల పనియే. కాని పరీక్షించిరా అని అడుగుట మన పని.

నీరు చాలనప్పుడు ఊళ్లు కదలును. ఆదవాని, ఎమ్మిగనూరు చుట్టునున్న పల్లెలలో ఖరీఫు పంట ముగియగనే సుగ్గి అను వలస మొదలగును. మిరపపండ్లు కోయుటకు గుంటూరు సీమకు, పత్తి తీయుటకు ఇతర ప్రాంతములకు కుటుంబములు కుటుంబములే లారీలలో పోవును. ఇంటికి తాళము పడును. ముసలివారు అరుగుపై మిగులుదురు. బడి యీడు పిల్లల గతి యేమి? వెంట తీసికొనిపోయినచో చదువు పోవును. విడిచిపోయినచో తల్లికి కంట నిదుర యుండదు. ఆడుబిడ్డ విషయమున ఈ చిక్కు రెండింతలు. చంటిబిడ్డను చూచుకొనుటకని పదేండ్ల పిల్లను వెంట తీసికొనిపోవుదురు. రెండేండ్లు బడి తప్పిన పిల్ల మరల బడికి పోదు. పోనిచో పెండ్లి మాట వచ్చును. 2011 లెక్కలలో కర్నూలు జిల్లా స్త్రీలలో చదువు వచ్చినవారు నూటికి ఇంచుమించు 50 మందియే. దానికి మూలము బుద్ధిలేమి కాదు, సుగ్గి లారీయే.

దీనికి మందు లేకపోలేదు. వలసకాలమున పిల్లలను ఊరిలోనే యుంచి అన్నము పెట్టి చదువు చెప్పు తాత్కాలికపు హాస్టళ్లను ప్రభుత్వము నడపుచున్నది. అవి లారీలు పోయిన నెలకు కాక, లారీలు పోవుటకు వారము ముందే తెరవవలెను. ఆడుపిల్లలకు వేరుగా గదియు, మరుగుదొడ్డియు, నమ్మకమైన ఆయాయు నుండవలెను. తల్లి కన్నులార చూచినప్పుడు గాని బిడ్డను విడిచిపోదు. ఈ చిన్న యేర్పాటు జరిగిన చోట పిల్లలు నిలిచెదరు. జరుగని చోట పోవుదురు.

ఈ పనులన్నియు ఎవరు చేయవలెను? పాతకాలమున "దొరతనమువారు" అని చెప్పి యూరకుండెడివారము. నేడట్లు చెప్పుటకు వీలులేదు. ఐరోపాలో సెర్బియా దేశపు రాజధాని బెల్గ్రేడు నగరములో 17 చిన్న పురపాలకములు కలవు. ఒక్కొక్క పేటకు దాని సభ దానికే యున్నది. మనకు అంత విభాగము లేదు గాని వార్డులు కలవు, ప్రతి వార్డునకు సభ్యులు కలరు. నాటి చెన్నరాష్ట్రమున స్త్రీలకు శాసనసభ యోటు 1921లో వచ్చినది. 1993లో అమలునకు వచ్చిన రాజ్యాంగ సవరణచే పురపాలకములలో మూడవవంతు స్థానములు స్త్రీలకు కేటాయింపబడినవి. ఆంధ్రప్రదేశమున పిమ్మట అది సగమైనది. కావున పురపాలక సభలలో సగము కుర్చీలు మనవే. ఆ కుర్చీలలో కూర్చుండిన సోదరి భర్తచేతనో, మరిదిచేతనో మాటాడించక తానే లేచి "మా వీధికి నీరెన్ని దినముల కొకసారి వచ్చును? హాస్టలు ఎప్పుడు తెరచెదరు? గంజి పెట్టు వీధిలో బండ్లేల పోవుచున్నవి?" అని అడిగినచో, ఆ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుటయే పట్టణపాలనము.

కోటగోడలు ఆదవానిని కాపాడలేకపోయినవి. 1786లో పడినవి మరల లేవలేదు. ఊరు మాత్రము నిలిచియున్నది. పత్తి తీసిన చేతులు, కండెలు చుట్టిన చేతులు, బిందెలు మోసిన చేతులు దానిని నిలిపినవి. ఎమ్మిగనూరున 1938లో నేతగాండ్రందరు ఒకచోట చేరి చేసిన పనిని చూచినచో, పేదవారును కూడినప్పుడు తమ గతిని తామే మార్చుకొనగలరని తెలియుచున్నది. ఆ కూడిక పురుషులతోనే ఆగిపోక స్త్రీలకును విస్తరించుట నేటి కర్తవ్యము.

చదువరులైన సోదరీమణులకు మా మనవి. మీరు నివసించు పట్టణమునో, పేటనో గూర్చి మాకు వ్రాయుడు. కోట యెవరు కట్టిరో తెలియకున్నను కొరత లేదు. నీరెక్కడనుండి వచ్చును, స్త్రీలకు ఏ పని దొరకును, ఆడుపిల్లల బడి యెంత దూరము, పురపాలక సభలో స్త్రీ సభ్యురాలు కలదా, ఆమెను మీరెప్పుడైన కలిసికొంటిరా: ఈ సంగతులు వ్రాసిన చాలును. వచ్చు మాసములలో వానిని ఇదే శీర్షికక్రింద ప్రకటింపగలము.